ఎడమ నాలుగు, కుడి ఏడు

ఫిబ్రవరి 3

మామయ్యా,

మొన్న ఫోన్లో బాగున్నానని చెప్పాను కదా, అది ఫోన్లో మాట. అమ్మ పోయిన కొత్తలో మనిద్దరం రోజూ బాగున్నానంటే బాగున్నానని అబద్ధాలు చెప్పుకుంటున్నామని కనిపెట్టి, ఇకమీద నిజాలు ఉత్తరాల్లోనే రాసుకోవాలని రూలు పెట్టింది నువ్వే. కాబట్టి రాస్తున్నాను. ఏమీ బాగాలేను.

వెబ్‌సైటు తెరిచి ఎనిమిది నెలలైంది. చేరినవాళ్ళు పంతొమ్మిది మంది. అందులో నలుగురు నా స్నేహితురాళ్ళు. నిక్షేపంలాంటి కాళ్ళున్నవాళ్ళు, నా ముఖం చూసి చేరారు. మిగతా పదిహేను మందీ నిజంగా అవసరమున్నవాళ్ళే. ఒక కాలే ఉన్నవాళ్ళు, అమ్మలాగా రెండు పాదాలూ రెండు సైజుల్లో ఉన్నవాళ్ళు. ఒక చెప్పు కోసం జత కొని రెండోది మూల పడేసేవాళ్ళు. ఒకరు పడేసేది ఇంకొకరికి కావాలి, వాళ్ళిద్దర్నీ కలిపితే చాలు, ఇదే కదా నా సైటు. చెబితే ఎంత తేలికగా ఉంటుందో. కానీ సరిగ్గా అదే నంబరు, అవతలి కాలు, అదే రకం కావాలనేవాడు దొరకాలంటే వేలమంది చేరాలి. వచ్చినవాడు వెతుకుతాడు, తనకి జోడీ కనబడదు, వెళ్ళిపోతాడు, మళ్ళీ రాడు. ఖాళీ హోటల్లోకి ఎవరూ అడుగుపెట్టరు కదా, అలా ఉంది నా పని. ఇప్పటికి కుదిరిన జతలు సున్నా.

కాగితాలు అచ్చువేయించి ఎముకల ఆసుపత్రి దగ్గర పంచాను. బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. చెయ్యి చాచి ఇచ్చాను. చదివి, మడతపెట్టి నా చేతిలోనే పెట్టి, కాలు బెంచీ కిందికి లాక్కుంది. కాగితం ఇవ్వడమంటే నీ కాలు చూశాను అని చెప్పడమేనని అప్పుడు తెలిసింది. మిగతా కాగితాలు సంచిలోనే ఉన్నాయి.

ఆఫీసువాళ్ళు ఇచ్చిన ఏడాది సెలవు జూన్ ముప్ఫైతో అయిపోతుంది. ఆలోపు ఇరవై జతలు కుదిరితే ఉద్యోగం వదిలేస్తాను. లేకపోతే సైటు మూసేసి, బుద్ధిగా వెళ్ళి నా కుర్చీలో కూర్చుంటాను. అమ్మ పేరు మీద మొదలుపెట్టిన పని మూసేయాలంటే ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు.

నీ
పిడుగు


ఫిబ్రవరి 15

ఒసే పిడుగూ,

ఇక్కడ నేనూ, నా మోకాళ్ళూ ఏదో కాలక్షేపం చేస్తున్నాం. ముప్ఫై ఏళ్ళు చెప్పుల షాపులో పీట మీద కూర్చుని లేస్తే ఎవరి మోకాళ్ళైనా ఇలాగే ఏడుస్తాయి. మా షాపు యజమాని మొన్న నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు. కుర్చీలో కూర్చుంటే కాలు అందదండీ అన్నాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ బెంచీ ఆవిడ సంగతి దగ్గర ఆగిపోయాను. మా అక్క అచ్చం అలాగే చేసేది. ఎవరైనా కొత్తవాళ్ళు గదిలోకొస్తే కుడికాలు ఎడమకాలి వెనక్కి వెళ్ళిపోయేది. చిన్నప్పటి జబ్బుకి ఆ కాలు నాలుగో నంబరు దగ్గర ఆగిపోయింది, ఎడమది ఏడు దాకా పెరిగింది. ఎప్పుడు కొన్నా రెండు జతలు కొనేవాళ్ళం. మిగిలిన ఎడమ నాలుగూ, కుడి ఏడూ పెట్టెలో పెట్టేసేది. పారేయవే అంటే, "ఎక్కడో నాకు ఎదురు కాళ్ళున్న మనిషి ఉండే ఉంటుందిరా, ఆవిడ కూడా నా జతలు దాస్తూ ఉంటుంది" అనేది. ఆ పెట్టె ఇప్పటికీ నా మంచం కిందే ఉంది. ఇరవై రెండు జతలు. నీ సైట్లో మొదటి సరుకుగా వాటినే పెట్టావని చూసి పెట్టె బయటికి లాగి దుమ్ము తుడిచాను.

దిగులు పడకు. ఇంతకీ అందులో చేరాలంటే ఏం చెయ్యాలి? ఊరికే అడుగుతున్నాను. షాపులో సరుకు లెక్కల కోసం కంప్యూటరు పెట్టారు, ఒక వేలితో కొట్టడం నాకూ వచ్చింది.

మామయ్య


ఏప్రిల్ 2

మామయ్యా,

నమ్ముతావా? నలభై నాలుగు మంది!

మార్చి మొదటివారం నుంచి రోజుకొకరు, ఒక్కోరోజు ఇద్దరు చేరుతున్నారు. నేనేమీ చెయ్యలేదు. ఆ కాగితాలు ఎవరైనా ఎవరికైనా చూపించి ఉంటారు. తొమ్మిది చెప్పులు చేరాల్సినవాళ్ళకి చేరాయి. లారీలకి కరెంటు పని చేసే ఒకాయనకి కుడికాలు లేదు. ఎడమ తొమ్మిది బూటు వచ్చిందట. "పదకొండేళ్ళలో మొదటిసారి ఒక్కటే తీసుకున్నాను, రెండోదాన్ని ఏం చెయ్యాలా అని ఆలోచించక్కర్లేకపోయింది" అని రాశాడు. ఆ మాట కాగితం మీద రాసి గోడకి అంటించుకున్నాను.

సొంత పేర్లు ఎవరూ పెట్టుకోరు, అది సరే. కానీ ఎంత మంచివాళ్ళో. చెప్పు పంపే ప్రతివాళ్ళూ "సాయంత్రం పూట వేసుకుని చూడండి, పొద్దున పాదం చిన్నగా ఉంటుంది" అని ఒక చీటీ కూడా పెడుతున్నారట. కాళ్ళతో కష్టపడినవాళ్ళకే ఇలాంటివి తెలుస్తాయి కాబోలు.

ఏమంటావు? మీ అక్క కూతురు మరీ అంత పనికిమాలినది కాదు కదా?

పిడుగు


ఏప్రిల్ 13

పిడుగూ,

సంతోషం. అయినా ఒక మాట. నాలుగు రోజులు వాన కురిసిందని చెరువు నిండిందనుకోకు. ఉద్యోగం మాత్రం జూన్ దాకా కదపకు. సెలవు సెలవుగానే ఉండనీ. ఆఫీసు కుర్చీ మంచిది, నడుముకి ఆసరా ఉంటుంది.

ఎండలు ముదిరాయి. షాపులో అద్దాల వెనక పెట్టినవన్నీ రంగు వెలిసిపోతున్నాయి. ఇంతకంటే రాయడానికేమీ లేదు.

మామయ్య


మే 9

మామయ్యా,

నీ ఉత్తరం చూసి నాలుగు రోజులు అలిగాను. అందరూ నన్ను వెనక్కి లాగేవాళ్ళే, నువ్వూ మొదలుపెట్టావా అనుకున్నాను. నా చేత కాదని నీ మనసులో ఉన్నట్టుంది. పోనీలే, ఇది చదివాక నువ్వే మాట మార్చుకుంటావు.

కూర్చునే చదువు.

మొన్న సోమవారం ఒకావిడ చేరింది. టీచరమ్మ అని పేరు పెట్టుకుంది. కావలసినవి: ఎడమ నాలుగు, కుడి ఏడు. ఇవ్వగలిగినవి: ఎడమ ఏడు, కుడి నాలుగు.

అమ్మ చెప్పిన మనిషి, మామయ్యా. ఎదురు కాళ్ళ మనిషి. ఉంది. నేను తెర ముందు కూర్చుని గట్టిగా ఏడ్చాను, పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు. అమ్మ ఇంకో రెండేళ్ళు ఉండి ఉంటే ఆవిడని చూసేది.

ఇంక జూన్ దాకా ఆగడమెందుకనిపించింది. జతలు పదకొండే అయ్యాయి, ఇరవై కాలేదు. అయినా ఈ ఒక్కటి చాలు. నిన్న రాజీనామా ఇచ్చేశాను. తిట్టకు.

పద్దెనిమిదో తారీఖు ఆదివారం ఆవిడని కలవడానికి వెళ్తున్నాను. ఇంటి అడ్రసు ఇవ్వలేదు, మీ ఊరికీ మా ఊరికీ మధ్యలో ఉన్న పార్సిలు ఆఫీసు అడ్రసు ఇచ్చింది. వస్తున్నానని రాశాను, జవాబు లేదు. మొహమాటం కాబోలు. రోజంతా అక్కడే కూర్చుంటాను, ఎలాగూ వస్తుంది. అమ్మ చివరిసారి కొన్నప్పుడు మిగిలిన జత నా దగ్గరుంది, అది తీసుకెళ్తున్నాను. నువ్వు వెంటనే ఆ పెట్టె మొత్తం అదే ఆఫీసుకి పంపించు. ఇరవై రెండూ ఆవిడవే.

పిడుగు


మే 14

పిడుగు తల్లీ,

పెట్టె తాళంచెవి పోయిందని మొన్న ఫోన్లో చెప్పాను. ఎండగా ఉంది, వెళ్ళొద్దని కూడా చెప్పాను. చెప్పాల్సింది అది కాదు. ఫోను పట్టుకుని అయిదు నిమిషాలు ఎండ గురించే మాట్లాడాను. నిజాలు ఉత్తరాల్లో రాయాలన్న రూలు నాదే కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. ఇది ఆదివారంలోపు నీకు అందాలి.

టీచరమ్మ లేదు. ఆ పేరు పెట్టింది నేను.

మార్చి నుంచి చేరినవాళ్ళు ఇరవై ఆరుగురూ నేనే. సాయంత్రాలు షాపు కంప్యూటర్లో కూర్చుని ఒక వేలితో కొట్టాను. అద్దాల వెనక ప్రదర్శనకి ఒక చెప్పే పెడతారు. అది వెలిసిపోయాక దాని జత కొత్తగానే ఉన్నా ఎవరూ కొనరు, గోదాములో పడి ఉంటుంది. యజమానిని అడిగి తీసుకుని, నీ మనుషులు అడిగినవి వెతికి పంపాను. పార్సిలు ఆఫీసుకి మా షాపు సరుకు వస్తుంది, వారానికోసారి వెళ్తాను, అందుకే ఆ అడ్రసు.

నీకు జూన్ దాకా కాస్త ధైర్యంగా ఉంటే చాలనుకున్నాను. ఇరవై ఎలాగూ కావు, నువ్వు ఆఫీసుకి వెళ్ళిపోతావు, ఓడిపోయానని కాకుండా కొంతమందికి చెప్పులిచ్చానని వెళ్తావు, అంతవరకే నా ఆలోచన. ఉద్యోగం వదిలేస్తావని అనుకోలేదు.

టీచరమ్మ సంగతి మాత్రం ఎందుకు చేశానో నాకే సరిగ్గా తెలీదు. ఆ రోజు అక్క పోయిన తేదీ. ఫారం తెరిస్తే నంబరు అడిగింది. వేలు దానంతటది ఎడమ నాలుగు, కుడి ఏడు కొట్టింది. ఒక్కసారైనా ఆ చెప్పులు కావాలని ఎవరో ఒకరు అడిగినట్టు చూడాలనిపించింది. నువ్వు చూస్తావన్న సంగతి ఆ క్షణంలో గుర్తులేదు.

క్షమించమని అడగను. వెళ్ళకు.

మామయ్య


మే 20

మామయ్యకి,

మీ ఉత్తరం సోమవారం అందింది. నేను ఆదివారం వెళ్ళాను.

పొద్దున తొమ్మిది నుంచి నాలుగింటి వరకు పార్సిలు ఆఫీసు బల్ల మీద కూర్చున్నాను. ఒడిలో అమ్మ చెప్పుల సంచి. తలుపు తోసుకుని వచ్చిన ప్రతి ఆడమనిషి కాళ్ళూ చూశాను. ఆసుపత్రి దగ్గర తప్పని తెలుసుకున్న పనే మళ్ళీ చేశాను. ఒకావిడ కొంచెం కుంటుతూ వచ్చింది. లేచి ఎదురెళ్ళాను. ఆవిడకి కాలిలో ముల్లు గుచ్చుకుందట.

నాలుగింటికి గుమాస్తా జాలిపడి ఎవరి కోసమని అడిగాడు. టీచరమ్మ అన్నాను. రిజిస్టరు చూశాడు. "ఈ పేరు మీద ఏమొచ్చినా తనకే ఇమ్మని చెప్పుల షాపు పెద్దాయన రాయించి వెళ్ళాడమ్మా. సాయంత్రం పూట చెప్పులు వేసుకుని చూసుకోవాలని మాకందరికీ చెబుతుంటాడు" అన్నాడు.

అంతే, ఆ మాటతో అంతా తెలిసిపోయింది.

ఉద్యోగం పోయినందుకు కాదు నా కోపం. అది నా తొందర. అమ్మ నలభై ఏళ్ళు ఎదురుచూసిన మనిషిని మీరు ఒక వేలితో తయారుచేసి నా ముందు పెట్టారు. అమ్మ ఇప్పుడు మళ్ళీ పోయినట్టుంది. నిజం ఎక్కడ రాయాలో నాకు నేర్పింది మీరు. ఇకమీద ఎక్కడ రాసుకోమంటారు?

ఆ ఇరవై ఆరుగురి జాబితా పంపండి. తీసేయాలి.

మీ
మేనకోడలు


మే 29

అమ్మాయీ,

పుట్టిన దగ్గర్నుంచీ నన్ను నువ్వు అనే పిలిచావు. మీరు అన్న మాట ఇంత గట్టిగా తగులుతుందని ఈ వయసులో తెలిసింది. తగలనీ.

జాబితా జత చేశాను. ఒక్క సంగతి తెలియాలి, బుకాయించడం కాదు. పేర్లు నేను కల్పించాను, కాళ్ళు కల్పించలేదు. కల్పించడం నాకు చేతకాదు. ఫారంలో నంబరు అడిగినప్పుడల్లా నా పీట ముందు కూర్చున్న ఎవరో ఒకరి కాలు గుర్తొచ్చింది, అదే రాశాను.

ఎడమ తొమ్మిది, కుడి ఎనిమిది: బస్సు డ్రైవరు, కుడి బొటనవేలు లేదు, ముందు దూది కుక్కుకుంటాడు. కుడి పది మాత్రమే: ఒక ముసలాయన, రెండేళ్ళకోసారి వచ్చి జత కొని, ఎడమది నా బల్ల మీదే వదిలి, ఎవరికైనా ఇవ్వు నాయనా అని వెళ్ళేవాడు. ఆరు, అయిదు: నర్సు, నిలబడి నిలబడి ఒక పాదం వెడల్పయింది. ఇలా ఇరవై అయిదు. ఇరవై ఆరోది నీకు తెలుసు. అదొక్కటే నేను ఏ కాలూ చూడకుండా రాసింది.

ఇన్నేళ్ళలో ఎవరినీ పేరడగలేదు. కాలు చేతిలో పెట్టి కళ్ళు పక్కకి తిప్పుకునే మనిషిని పేరెలా అడుగుతాం? కాలు గుర్తుంది, మనిషెక్కడున్నాడో తెలీదు. ఆ ముసలాయన వదిలేసిన ఎడమలు కూడా అడిగినవాడికి ఇచ్చేశాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గుగా ఉంది.

మామయ్య


జులై 21

మామయ్యా,

నీ జాబితా చేతికొచ్చాక రెండు వారాలు ముట్టుకోలేదు. తర్వాత కూర్చుని ఒక్కొక్కరినే తీసేశాను. ఇరవై అయిదు దాకా చెయ్యి బాగానే పనిచేసింది. టీచరమ్మ దగ్గర ఆగింది. తీసేశాను. ఆమెని ఉంచితే నాకు రోజూ అటే చూడాలనిపిస్తుంది.

ఆఫీసులో నా కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు. అడిగి చూశాను, లేదన్నారు. ఒక బడి ఆఫీసులో సగం పూట టైపు పని దొరికింది. మిగతా సగం పూట ఏం చేస్తున్నానో చెబుతాను.

నీ ఉత్తరంలో ఒక వాక్యం నన్ను వదల్లేదు. కాలు నీ చేతిలో పెట్టి కళ్ళు పక్కకి తిప్పుకుంటారని రాశావు. నేను ఆసుపత్రి ముందు చూస్తే కాలు లాక్కున్న మనిషే నీ పీట ముందు తనంతట తాను కాలు చాపుతుంది. ఏడాదికి పైగా నేను తప్పు గుమ్మం ముందు నిలబడ్డాను. ఈ ఊళ్ళో చెప్పుల షాపులన్నీ తిరుగుతున్నాను. యజమానుల దగ్గరికి కాదు, పీటల మీద కూర్చునేవాళ్ళ దగ్గరికి. వాళ్ళందరికీ నీలాగే కాళ్ళు గుర్తున్నాయి. పేరూ, నంబర్లూ రాసుకోవడానికి ఒక్కొక్కరికీ చిన్న పుస్తకం ఇచ్చాను. అలాంటి కాలు వచ్చినప్పుడు, మెల్లగా, వాళ్ళకి ఇష్టమైతేనే అడగమన్నాను. నెలలో ఏడుగురు చేరారు. ఏడుగురే. కానీ ఏడుగురూ ఉన్నారు. రెండు జతలు కుదిరాయి.

ఆ లారీ కరెంటాయనకి రాశాను, బూటు పంపింది మా మామయ్య అని, సైటు కుదిర్చింది కాదని. ఆయన జవాబు: "బూటు మాత్రం నిజమే కదమ్మా."

కోపం పోయిందని రాయను, ఉత్తరంలో అబద్ధం రాయకూడదు. తగ్గింది. నీకూ ఒక పుస్తకం పంపుతున్నాను. ఈసారి పేరు అడుగు.

పిడుగు


ఆగస్టు 30

పిడుగూ,

పుస్తకం వచ్చింది. నెల రోజులు పీట కిందే ఉంచాను, తియ్యడానికి ధైర్యం చాలలేదు. నిన్న తీశాను.

ఒక నాయనమ్మ మనవరాలిని తీసుకొచ్చింది. పన్నెండేళ్ళుంటాయి. పిల్ల కూర్చోగానే ఎడమకాలు కుడికాలి వెనక్కి వెళ్ళింది. నేను చాలాసేపు బూట్ల పెట్టెలు సర్దుతున్నట్టు నటించాను. తర్వాత పీట మీద కూర్చుని చెయ్యి చాపాను. పిల్ల గోడకేసి చూస్తూ కాలు పెట్టింది. మా అక్కకి కుడి చిన్నది, ఈ పిల్లకి ఎడమ చిన్నది.

జబ్బు చేసిందట, ఎప్పుడూ రెండు జతలు కొంటారట. నాయనమ్మ చెబుతుంటే పిల్ల ముఖం ఎర్రబడింది. నేను అక్క సంగతి చెప్పాను. నీ ఎదురు కాళ్ళున్న మనిషి మా ఇంట్లోనే ఉండేదమ్మా అన్నాను. అప్పుడు గోడ మీంచి చూపు తిప్పి నన్ను చూసింది. పేరేమిటని అడిగాను. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి. చెప్పింది. ఆ పేరే సైట్లో పెట్టమంది, వేరే పేరు వద్దంది. నాయనమ్మా సరేనంది. చూసుకో, ఉంటుంది.

సాయంత్రం కంప్యూటరు ముందు కూర్చున్నాను. నంబరు అడిగింది. నీకు నిజం రాయాలి: ఎడమ నాలుగు, కుడి ఏడు అని కొట్టడానికి వేలు వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను. ఎడమ మూడు, కుడి అయిదు. కొలిస్తే అంతే ఉంది, అదే కొట్టాను.

పెట్టె తాళంచెవి పోలేదు, అదీ అబద్ధమే. ఇవాళ తెరిచి ఇరవై రెండు జతలూ బయట నీడలో ఆరబెట్టాను. తోలు బిగుసుకోకుండా నూనె రాశాను. ఆ పిల్ల కాళ్ళు ఇంకా పెరుగుతున్నాయి. ఎక్కడ ఆగుతాయో నాకు తెలీదు. ఆరునెలలకోసారి, సాయంత్రం పూట తీసుకురమ్మని చెప్పాను.

మామయ్య